నాలుగు బంతులాయన టోపీ

ఫిబ్రవరి 3, సోమవారం

క్రికెట్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. దళసరి తెల్ల కవరు, బంగారు అంచు. నా పేరు మీద ఇంత మంచి కవరు రావడం డెబ్బై మూడేళ్ళలో ఇదే మొదలు. నా పెళ్ళి శుభలేఖలకి కూడా మా మామగారు ఇంతకంటే పలచటి కాగితమే వాడారు.

సంగతేమిటంటే, దేశం తరఫున టెస్టు మ్యాచ్ ఆడినవాళ్ళందరికీ, అంటే వాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళకి, ఎవరు ఎప్పుడు మొదటిసారి ఆడారో ఆ వరసలో నంబరు కుట్టిన టోపీ ఇస్తారట. ఈ నెల ఇరవై మూడున, ఆదివారం పొద్దున పదింటికి, పెద్ద స్టేడియం హాల్లో. కుటుంబంతో రమ్మన్నారు. నా నంబరు నూట నలభై ఏడు.

ఇందులో ఒకటే చిక్కు. నేను దేశం తరఫున ఒక్క టెస్టు కూడా ఆడలేదు.

ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. రాశాక చూసుకుంటే ఎవరి దస్తూరీయో అనిపిస్తోంది.

తొమ్మిదేళ్ళు జట్టుతో తిరిగాను. ఏడు దేశాలు చూశాను. బ్లేజరు ట్రంకు పెట్టెలో ఉంది. కానీ అన్నేళ్ళూ నేను పన్నెండో వాణ్ణే. నీళ్ళు మోశాను, గ్లవ్సు మార్చాను, ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళ బదులు మైదానంలోకి వెళ్ళి ఫీల్డింగ్ చేశాను. బదులు వెళ్ళినవాడు బ్యాటు పట్టకూడదు, బౌలింగ్ చెయ్యకూడదు. బంతి వస్తే మాత్రం పట్టుకోవచ్చు. పట్టుకున్నా పుస్తకంలో వాడి పేరు ఎక్కదు, 'సబ్' అని రాస్తారు. అలా పదిహేడు క్యాచ్‌లు పట్టాను. పదిహేడూ సబ్ గారి ఖాతాలోనే పడ్డాయి. ఆ సబ్ గారు ఎవరోగాని, మంచి ఫీల్డరు.

పొరపాటున వచ్చిన ఉత్తరం. రేపు ఫోన్ చేసి చెప్పేస్తాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఫోన్ చేశాను. గుమాస్తా ఎత్తింది. చక్కటి గొంతు. "చెప్పండి సార్, మీరు నూట నలభై ఏడు కదా!" అంది, ఏదో పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

అంత ఆప్యాయంగా పలకరిస్తే ఏం చెప్తాం? కార్లు ఎక్కడ నిలుపుకోవాలని అడిగాను.

మాకు కారు లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఉత్తరం అల్లుడి చేతిలో పడింది. అమ్మాయీ అల్లుడూ పై వాటాలో ఉంటారు. అల్లుడు బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు ఎక్కడికి వెళ్తుందో మైకులో చెప్పడం అతని ఉద్యోగం. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. కూర వడ్డించమని అడిగినా వీధి చివరికి వినపడుతుంది.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. "మామయ్యగారూ, డిపో మొత్తానికి చెప్పేశాను."

"అందరికీ ఎలా చెప్పావయ్యా?"

"మైకులోనండీ. మూడో ప్లాట్‌ఫారం బస్సు అరగంట ఆలస్యమని చెప్తూ, ఆ నోటితోనే మా మామగారికి దేశం టోపీ ఇస్తోందని కూడా చెప్పేశా. ఆలస్యమన్నా ఒక్కడూ తిట్టలేదు. చప్పట్లు కొట్టారు!"

డిపో సిబ్బంది నలభై మంది ఆ రోజు ప్రత్యేకంగా బస్సు వేసుకుని వస్తారట. బస్సు ముందు గుడ్డ బ్యానరు కూడా కడతారట.

ఇంటావిడ వంటింట్లోంచి నన్ను చూసింది. గరిటె గిన్నెకేసి రెండుసార్లు కొట్టింది. ఆవిడకి తెలుసు. ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో మ్యాచ్ చూడ్డానికి వచ్చి, నేను ట్రే పట్టుకుని బయటికొస్తే, "క్యాంటీన్ వాళ్ళకి కూడా ఇంత మంచి బట్టలిస్తారా?" అని పక్కావిణ్ణి అడిగిన మనిషి.

ఫిబ్రవరి 6, గురువారం

అసలు ఆడటం అంటే ఏమిటి?

నేను క్యాచ్ పడితే అవతలివాడు ఔటయ్యాడా, లేదా? అయ్యాడు. తల వేలాడేసుకుని పెవిలియన్‌కి వెళ్ళాడా, లేదా? వెళ్ళాడు. మరి ఆడనివాడు ఆడేవాణ్ణి ఎలా ఔట్ చేస్తాడు?

దీన్ని గురించి ఇంకా ఆలోచించాలి.

ఇంకో మాట. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అమ్మాయి చిన్నప్పుడు అడిగితే "దేశం తరఫున వెళ్ళానమ్మా" అన్నాను. వెళ్ళాను కదా. సంబంధం కుదిరేటప్పుడు అల్లుడితో "తొమ్మిదేళ్ళు జట్టులో ఉన్నాను" అన్నాను. ఉన్నాను కదా. వాళ్ళు మధ్యలో ఖాళీలు పూరించుకుంటే నాదా తప్పు?

ఫిబ్రవరి 7, శుక్రవారం

నీళ్ళు మోయడం తేలికనుకుంటారు జనం. ట్రే పట్టుకుని నూట యాభై అడుగులు గడ్డి మీద, వేలమంది చూస్తుండగా, చుక్క ఒలక్కుండా పరిగెత్తి చూడమనండి. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. కళ్ళు ట్రే మీద పెట్టకూడదు, వెళ్ళే చోటు మీద పెట్టాలి. ఎవరికి చల్లటి నీళ్ళు పడవో, ఎవరికి ఉప్పు కావాలో, ఎవరు గ్లాసు తీసుకుంటూ తిడతారో, ఎవరి తిట్టు కెప్టెన్‌కి చేరవెయ్యాలో, ఎవరిది దార్లోనే పారబొయ్యాలో తెలిసుండాలి. బ్యాట్స్‌మన్ గ్లవ్సు మార్చుకునేటప్పుడు కెప్టెన్ సందేశం చెవిలో వెయ్యాలి. ఒకసారి కెప్టెన్ "ఆ మొద్దు వెధవని మెల్లిగా ఆడమను" అని పంపిస్తే నేను "మీ ఆట చూస్తుంటే ముచ్చటగా ఉందట, కాస్త తీరిగ్గా ఆడమన్నారు" అని చెప్పాను. ఆయన ఆ రోజు ఎనభై రెండు కొట్టాడు. అందులో నా వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

చదువు కూడా అక్కడే వచ్చింది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తొమ్మిదేళ్ళు డ్రెస్సింగ్ రూములో కూర్చుని మిగతావాళ్ళు వదిలేసిన పేపర్లూ పుస్తకాలూ అన్నీ చదివాను. చివర పేజీలు చిరిగిపోయిన డిటెక్టివ్ నవలలు కనీసం నలభై. హంతకులు ఎవరో నాకింకా తెలియదు.

ఈ రోజు ఫోన్ చేద్దామనుకున్నాను. చేశాను కూడా. వేడుకలో టీ ఇస్తారా అని అడిగాను. ఇస్తారట.

ఫిబ్రవరి 8, శనివారం

పేపర్లో జాబితా వేశారు. 147 ఎదురుగా నా పేరు. అచ్చులో బాగానే ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నూట నలభై ఏడు ఎవరిదో నేను ఆలోచించలేదు.

ఆలోచించాను. నంబరు పక్కనే మ్యాచ్ తేదీ ఉంది, ఉత్తరం విప్పిన నిమిషానికే తెలిసింది.

నలభై అయిదేళ్ళ కిందటి మ్యాచ్. ఆ మ్యాచ్‌తో కొత్తగా జట్టులోకి వచ్చినవాడు ఒక్కడే, మంచి వేగమున్న బౌలరు. మొదటి ఓవరు వాడి చేతికే ఇచ్చారు. మొదటి బంతి వదిలేశాడు బ్యాట్స్‌మన్. రెండోది ఫోరు. మూడోది కాలికి తగిలింది. నాలుగోది బ్యాటు అంచుకి తగిలి స్లిప్‌లోకి, నేరుగా కెప్టెన్ చేతుల్లోకి వెళ్ళింది. కెప్టెన్ వదిలేశాడు. అటు క్యాచ్ జారింది, ఇటు ముందు కాలు గుంటలో పడి బౌలరు మోకాలు మెలితిరిగింది. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. మిగిలిన రెండు బంతులు ఇంకొకడు వేశాడు. ఆ మోకాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు. ఆ మనిషి కెరీరంతా ఆ నాలుగు బంతులే. మేమందరం వాణ్ణి 'నాలుగు బంతులు' అని పిలిచేవాళ్ళం. మొదట్లో వెటకారం, తర్వాత అలవాటు.

వాడి బదులు మైదానంలోకి వెళ్ళింది నేను. ఆ మ్యాచ్‌లో మిగిలిన ఫీల్డింగంతా చేసి మూడు క్యాచ్‌లు పట్టాను.

రెండో రోజు పొద్దున జట్టు ఫొటో తీశారు. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. కెప్టెన్ నాతో, "కూర్చో, మధ్యలో ఖాళీ కుర్చీ ఉంటే పన్ను ఊడినట్టుంటుంది" అన్నాడు. కూర్చున్నాను. ఫొటో కింద నా పేరే రాశారు. తర్వాత బోర్డు ఆఫీసులో వాన నీళ్ళొచ్చి పాత స్కోరు పుస్తకాలు కుళ్ళిపోయాయని విన్నాను. ఇప్పుడు గోడ మీద ఫొటోలు చూసి తలలు లెక్కపెట్టుకుని ఉంటారు.

అంటే నేను మళ్ళీ వాడి కుర్చీలోనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఇంటావిడ టీ ఇస్తూ అంది. "ఏవండీ, ఆ నాలుగు బంతులాయన ఇంకా ఉన్నాడా?"

"ఏమో."

"ఏమో కాదు. ఉన్నాడు. మన పక్కింటావిడ చెల్లెలు ఉండే ఊళ్ళోనే తాళాల కొట్టు పెట్టుకున్నాడని మీరే చెప్పారు, పదేళ్ళ కిందట."

ఈవిడకి పదేళ్ళ కిందటివి గుర్తుంటాయి, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వెళ్ళొచ్చాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. అల్లుడు కిటికీ పక్క సీటు ఇప్పించాడు. ప్రయాణం ఎందుకని అతను అడిగితే ట్రంకు పెట్టెకి ఇంకో తాళంచెవి చేయించాలని చెప్పాను. "ఇక్కడ చెయ్యరా?" అన్నాడు. "ఆ పనితనం వేరు" అన్నాను.

చిన్న కొట్టు. నిలువు బీరువా అంత వెడల్పు. గోడంతా మేకులు, మేకులకి కోయని తాళంచెవులు వందలకొద్దీ. నేల మీద ఇత్తడి పొడి మెరుస్తోంది. వాడు ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు, కుడికాలు కర్రలా ముందుకి చాచుకుని. జుట్టు పోయింది. చేతులు మాత్రం అవే, బంతి పట్టిన చేతులు.

"ఏం కావాలండీ?" అన్నాడు.

ఉత్తరం జేబులో ఉంది. నోట్లో మాట సిద్ధంగా ఉంది. చెయ్యి వేరే జేబులోకి వెళ్ళి తాళంచెవి తీసింది.

మిషన్ మీద తాళంచెవి బిగిస్తూ తనే మాట్లాడాడు. "బోర్డు వాళ్ళు టోపీలు ఇస్తున్నారట, విన్నారా? నేనూ ఒకప్పుడు ఆడాను. నమ్మరు లెండి. ఎదురు టీ కొట్టువాడు పాతికేళ్ళుగా నమ్మట్లేదు."

"ఎంత... ఎన్ని మ్యాచ్‌లు?"

"నాలుగు బంతులు." మిషన్ కీచుమంది. "నాలుగు బంతులకి టోపీ ఎందుకిస్తార్లెండి. టోపీ బొత్తానికి కూడా చాలవు."

అంతలో ఎదురు కొట్టు నుంచి రెండు టీలు తెప్పించాడు. గ్లాసులు గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు ఆ టీ ఆయన. వీడికి స్టూలు దిగడం కష్టమని నేనే రెండూ తెచ్చి ఒకటి వాడి చేతికిచ్చాను. వాడు నా చేతుల వంక కాసేపు చూశాడు.

కొత్త తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇంటావిడ: "తాళంచెవి కోసం నాలుగు గంటలు బస్సులో కూర్చున్నారా?"

"పనితనం..."

"మరి చెప్పారా?"

"సందర్భం కుదరలేదు."

"పాపం. కొట్టులో మీరిద్దరే ఉన్నట్టున్నారు, రద్దీ ఎక్కువయ్యుంటుంది."

ఫిబ్రవరి 12, బుధవారం

ఆకలి లేదు. వాతావరణం వల్ల.

ఫిబ్రవరి 14, శుక్రవారం

డిపో బ్యానరు చూపించాడు అల్లుడు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు. నా పేరు, కింద బ్యాటు ఎత్తిన మనిషి బొమ్మ. పెయింటరు మంచివాడు. నాకు కండలు కూడా పెట్టాడు.

ఈ వయసులో ఒక టోపీ నా దగ్గరుంటే ఎవరికి నష్టం? వాడేమో ఆశ వదులుకున్నాడు. వాడే చెప్పాడు కదా, బొత్తానికి కూడా చాలదని.

చాలా హాయిగా ఉంది మనసు.

ఫిబ్రవరి 15, శనివారం

హాయిగా లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

బ్లేజరు తీసి ఎండలో వేద్దామని ట్రంకు పెట్టె దగ్గర కూర్చున్నాను. సరదాకి కొత్త తాళంచెవితో ప్రయత్నించాను. దూరింది, తిరగలేదు. నూనె రాశాను. తిరగలేదు. పాత తాళంచెవి పక్కన పెట్టి చూస్తే చివరి పన్ను బాగా పొట్టిగా ఉంది, కావాలని కొరికేసినట్టు. అంత అనుభవమున్న మనిషి! పాతికేళ్ళ కొట్టు!

రేపు వెళ్ళి అడిగేస్తాను. తాళంచెవి సంగతి.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

కొట్టు గుమ్మంలో కాలు పెట్టానో లేదో, తల ఎత్తకుండానే అన్నాడు. "వారం పట్టిందేంరా? రెండ్రోజుల్లో వస్తావనుకున్నాను."

నేను తాళంచెవి చాపాను. "ఇది తిరగట్లేదు."

"తిరగదు. తిరిగితే నువ్వు మళ్ళీ వస్తావా?"

కూర్చోవడానికి ఇంకో స్టూలు లేదు. పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడ్డాను.

"మొన్న వచ్చినప్పుడు గుర్తుపట్టావా?"

"మొహం గుర్తుపట్టలేదు. ముసలి మొహాలన్నీ ఒకేలా ఉంటాయి, మా అద్దంలోదీ అంతే. టీ గ్లాసులు తెచ్చావు చూడు, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, గ్లాసుల వంక చూడకుండా. లోకంలో టీ అలా తెచ్చేవాడు ఒక్కడే." మిషన్ మీది పొడి ఉఫ్‌మని ఊదాడు. "పేపర్లో నూట నలభై ఏడు చూశాను. నీ పేరు చూశాను. చెప్తాడేమోనని టీ అయ్యేదాకా ఆగాను. చెప్పలేదు. సరే, ఇంకో అవకాశం ఇద్దామని పన్ను కొంచెం ఎక్కువ కోశాను."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఉత్తరం తీసి వాడి ముందు పెట్టాను. "ఇది నీది."

వాడు కవరు వెనకా ముందూ తిప్పి చూశాడు. బంగారు అంచు మీద బొటనవేలు రాశాడు. ఇత్తడి పొడి అంటుకుని ఇంకా మెరిసింది.

"ఉంచుకోరా," అన్నాడు. "నేను నాలుగు బంతులు వేశాను, అందులో ఒకటి ఫోరు. నువ్వు తొమ్మిదేళ్ళు పరిగెత్తావు. లెక్క ప్రకారం నీకే రావాలి."

"లెక్క ప్రకారం కాదు, రూలు ప్రకారం."

"రూలు గురించి నాకు చెప్తావా? ఇన్నాళ్ళూ జేబులో పెట్టుకుని తిరిగింది ఎవరు?"

ఇద్దరం అరుచుకున్నాం. ఎదురు కొట్టు టీ ఆయన గొడవేమిటని వచ్చాడు. "ఇదిగో, నీకు సాక్షి!" అని వీడు నన్ను చూపించాడు. "నేను ఆడానా లేదా చెప్పు వీడికి!"

"ఆడాడు. నాలుగు బంతులు. నాలుగోది క్యాచ్, కెప్టెన్ వదిలేశాడు," అన్నాను.

టీ ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ముందే కూడబలుక్కున్నట్టున్నారు," అని వెళ్ళిపోయాడు.

వాడు చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లిగా అన్నాడు. "ఆ నాలుగో బంతప్పుడు స్లిప్‌లో నువ్వుండి ఉంటే పట్టేవాడివిరా."

"పట్టేవాణ్ణి," అన్నాను. గొప్పకి కాదు. పట్టేవాణ్ణి.

తాళంచెవి మళ్ళీ కోసిచ్చాడు. నా చేత టీ తెప్పించుకున్నాడు.

ఫిబ్రవరి 19, బుధవారం

ఫోన్ చేశాను. కార్ల గురించీ టీ గురించీ అడగలేదు. చెప్పేశాను.

గుమాస్తా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "సార్, ఇప్పటిదాకా మా పేరు కలపలేదని పోట్లాడినవాళ్ళు అరవై మంది. తీసెయ్యమన్నది మీరొక్కరే. తీసెయ్యడానికి మా దగ్గర ఫారం కూడా లేదు," అంది.

"తీసేసి ఆయన పేరు రాయమ్మా."

"ఆయన ఆడినట్టు రుజువుందా సార్? స్కోరు పుస్తకం తడిసిపోయింది. ఫొటోలో ఆయన లేరు."

"నేనున్నాను కదా ఫొటోలో. నేను సబ్‌ని. ఆయన ఆడకపోతే నేను ఎవరి బదులు వెళ్ళినట్టు?"

అటు నుంచి కాగితాల చప్పుడు. "ఇది రాతపూర్వకంగా ఇస్తారా?"

ఇచ్చాను. నాలుగు పేజీలు. రెండు పేజీలు అసలు విషయం, రెండు పేజీలు ట్రే పట్టుకునే విధానం.

ఫిబ్రవరి 20, గురువారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను, అమ్మాయికీ అల్లుడికీ. ఇంటావిడ అప్పటికే నాకు ఇంకొంచెం ఎక్కువ వడ్డించింది, ఆపరేషన్‌కి వెళ్ళేవాడికి వడ్డించినట్టు.

అమ్మాయి, "ఒక్కటి కూడా ఆడలేదా నాన్నా?" అంది.

"లేదమ్మా."

"మరి చిన్నప్పుడు నా క్లాసు పిల్లలందరికీ నువ్వు సెంచరీ కొట్టావని చెప్పాను!"

"అది నేను చెప్పలేదు."

"తెలుసు. నేనే కల్పించాను." నవ్వడం మొదలుపెట్టింది. "అయితే ముప్ఫై అయిదేళ్ళుగా ఇద్దరం ఒకళ్ళని ఒకళ్ళం కాపాడుకుంటున్నాం అన్నమాట!"

అల్లుడు మాత్రం నవ్వలేదు. అన్నం కలుపుతూ ఆగిపోయాడు. అతని నోరు మైకు లేకపోయినా ఎప్పుడూ ఆగదు, అందుకే భయం వేసింది.

"నలభై మంది, మామయ్యగారూ," అన్నాడు చివరికి. "బ్యానరు."

"తప్పయిపోయిందయ్యా."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 22, శనివారం

గుమాస్తా ఫోన్ చేసింది. నూట నలభై ఏడు మార్చారు. నన్ను కూడా రమ్మంది, అతిథిగా. వెళ్ళను అన్నాను.

నాలుగు బంతులు ఫోన్ చేశాడు. "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. మీ అల్లుడు బస్సు వేశాడటగా. మా ఊరి మీంచే రమ్మను."

అల్లుడు రెండ్రోజులుగా పై వాటా దిగి రాలేదు. అతనితో ఈ మాట చెప్పమని ఇంటావిణ్ణి పంపాను. ఆవిడ దిగొచ్చి, "బ్యానరు చింపేశాడు," అంది.

అని నా మొహం చూసి, "కింద సగం మాత్రమే," అంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

బస్సు పొద్దున అయిదున్నరకే వచ్చింది. బ్యానరు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. బ్యాటు మనిషి లేడు. నా పేరు పైన అలాగే ఉంది. కింద కొత్త గుడ్డ అతికించి రాయించాడు: 'సబ్. 17 క్యాచ్‌లు.'

"ఎలా ఉందండీ?" అన్నాడు అల్లుడు. వీధంతా లేచింది.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. చలి వల్ల.

దార్లో నాలుగు బంతుల్ని ఎక్కించుకున్నాం. ఇస్త్రీ చొక్కా, మెరుస్తున్న బూట్లు. వెంట ఎదురు కొట్టు టీ ఆయన కూడా వచ్చాడు, కళ్ళతో చూస్తేగాని నమ్మనని. నాలుగు బంతులు బస్సు మెట్లు నాకంటే చురుగ్గా ఎక్కాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

హాలు నిండిపోయింది. అంతా తెల్లజుట్టు, బట్టతలలు, చేతికర్రలు. ఒకప్పుడు నా చేతి నీళ్ళు తాగినవాళ్ళే సగం మంది. ఒకాయన నన్ను చూడగానే అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు, గ్లాసు కోసం. ఇద్దరం నవ్వుకున్నాం.

నంబర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్కరూ ఏడు మెట్లెక్కి, టోపీ పెట్టించుకుని దిగుతున్నారు. "నూట నలభై ఏడు" అని పిలిచి పేరు చదివారు. వాడి పేరు. నా పక్క కుర్చీలో వాడు కదల్లేదు.

"వెళ్ళరా," అన్నాను.

వాడు కుడిమోకాలు పట్టుకుని మొహం చిట్లించాడు. వేదిక వైపు చెయ్యెత్తి, బౌలరు అంపైరుని అడిగినట్టు, హాలు మొత్తం వినపడేలా అరిచాడు. "మోకాలు పట్టేసింది! సబ్ కావాలి!"

మోకాలికేమీ కాలేదు. బస్సు మెట్లు నేను చూశాను.

ముందుగా మొదటి వరసలో ముసలాళ్ళకి అర్థమైంది. ఒకడు నవ్వాడు, ఇద్దరు, పదిమంది, ఆ తర్వాత హాలంతా. మా డిపో నలభై మంది లేచి నిలబడ్డారు. అల్లుడు మైకు లేకుండానే, "సబ్ వస్తున్నారు, దారి ఇవ్వండి!" అని కేక పెట్టాడు. స్టేడియం బయటి పక్షులు లేచిపోయి ఉంటాయి.

వెళ్ళాను. నలభై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ వాడి బదులు. వేదిక మీద అధ్యక్షుడు టోపీ నా తల మీద పెట్టబోయాడు. తల వెనక్కి తీసుకున్నాను.

"నేను పెట్టుకోకూడదండీ, సబ్‌ని. మోసుకెళ్ళొచ్చు."

రెండు చేతుల మీద పెట్టుకున్నాను. మోచేతులు పక్కటెముకలకి. కళ్ళు టోపీ మీద కాదు, వెళ్ళే చోటు మీద. నూట యాభై అడుగులు ఉండదు ఆ హాలు. ఉన్నట్టే అనిపించింది. చుక్క ఒలకలేదు.

వాడు తల వంచాడు. పెట్టాను. కొంచెం పెద్దదైంది, చెవుల దాకా దిగింది. టీ ఆయన ముందుకొచ్చి నంబరు వేలితో తడిమి చూశాడు. "అయితే నిజమేనన్నమాట," అన్నాడు, పాతికేళ్ళ కాలక్షేపం పోయినవాడిలా దిగులుగా.

సాయంత్రం వాణ్ణి వాళ్ళ ఊళ్ళో దింపాం. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఆ కాలితోనే కుంటుతూ మూడడుగులు పరిగెత్తాడు. చెయ్యి పైనుంచి తిరిగింది.

"అయిదో బంతిరా!"

టోపీ గిర్రున తిరుగుతూ వచ్చింది, కిటికీకి బాగా ఎడంగా. నడుము దాకా బయటికి వంగి ఎడమ చేత్తో పట్టాను. ఇంటావిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుంది. బస్సు గోలగోలైపోయింది.

"ఆ ఓవర్లో ఇంకో బంతి బాకీ," అని అరిచాడు వాడు. "వచ్చే ఆదివారం మీ ఇంటికొచ్చి వేస్తాను. అప్పటిదాకా బంతి నీ దగ్గరే ఉంచు!"

ఫిబ్రవరి 24, సోమవారం

ట్రంకు పెట్టె కొత్త తాళంచెవితో ఒక్క తిప్పుకే తెరుచుకుంది. బ్లేజరు లోపల పెట్టాను. టోపీ పెట్టలేదు. బల్ల మీదే ఉంది, నా ఎదురుగా, ఇది రాస్తుంటే.

అల్లుడు పొద్దునే డిపోకి వెళ్తూ, బస్సు నుంచి విప్పి మా గుమ్మానికి కట్టిన బ్యానరు దగ్గర ఆగి, జేబులోంచి సుద్దముక్క తీసి, 17 కొట్టేసి 18 అని రాశాడు. పక్కనే 'సబ్' అన్నది కూడా కొట్టేయబోతే ఆపాను. అది ఉండాలి.

టోపీ నా దగ్గర ఉన్నది పట్టుకోవడానికే. నేను పెట్టుకోలేదు.

ఒక్కసారి. అద్దం ముందు. నాకు సరిగ్గా సరిపోయింది, వాడి కంటే బాగా. ఇంటావిడ చూడలేదు.

చూసిందట. ఇప్పుడే టీ తెచ్చి పెట్టి, "కొంచెం ఎడమ పక్కకి వంచి పెట్టుకుంటే ఇంకా బాగుండేది," అని వెళ్ళింది.